తీగ మెలికలో చేతి విలువ: హైటెక్‌ సిటీ చెంత మిశ్రలోహ నగలు

మాదాపూర్‌: సైబర్‌ టవర్స్‌ కూడలి దాటి శిల్పారామంలోకి అడుగుపెట్టిన సందర్శకులను బట్టల అంగళ్ల తరవాత ఎక్కువగా నిలబెట్టేవి నగల అంగళ్లే. నల్లని గుడ్డపై పరచిన జుంకాలు, కడియాలు, మెడలో వేసుకునే బిళ్లలు, పట్టీలు ఏవీ బంగారం కావు. అచ్చమైన వెండివి కూడా కొన్నే. రాగి, ఇత్తడి, తుత్తునాగం, నికెల్‌ వివిధ పాళ్లలో కలిసిన లోహాలతో చేసినవే అధికం. ఒకే బల్లపై పక్కపక్కనే రెండు జతల కమ్మలు ఉంటాయి. రెండింటిలోనూ తీగ మెలికలే, రెండూ ఒకే పరిమాణం. కానీ ఒక జత ధర రెండోదానికి అనేక రెట్లు. తక్కువ ధరది అచ్చులో పోసి తీసినది. ఎక్కువ ధరది తీగను సాగదీసి, మెలిపెట్టి, చుట్టలు చుట్టి, ఒక్కొక్క ముక్కనూ అతికినది. ఈ భేదం కొనేవారికి తెలియనంత కాలం, చేతితో చేసినవాడు అచ్చుతో పోటీపడి తన కూలీనే తగ్గించుకోవలసి వస్తోంది. తీగ నగ ఎలా తయారవుతుంది, దాన్ని ఎలా గుర్తించాలి, ధరలో లోహానికి ఎంత, చేతికి ఎంత అన్నవి అందుకే తెలుసుకోదగిన విషయాలు.

కళాగ్రామం ఎదుట కంప్యూటర్ల నగరం

శిల్పారామాన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ ప్రభుత్వం 1992లో సంకల్పించింది. అప్పటికి చుట్టూ ఉన్నవి బండలు, పొదలే. సైబర్‌ టవర్స్‌ను నాటి ప్రధాని అటల్‌ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించినది 1998 నవంబరు 22న. అంటే ఇక్కడ సాఫ్ట్‌వేర్‌ కంటే ముందు పాదుకొన్నది చేతిపని ఆలోచనే. జాతీయ ఫ్యాషన్‌ సాంకేతిక సంస్థ (నిఫ్ట్‌) ప్రాంగణమూ ఈ పరిసరాల్లోనే ఉంది. 2019 మార్చిలో హైటెక్‌ సిటీ మెట్రో స్టేషను ప్రారంభమైన తరవాత నగరంలోని ఇతర ప్రాంతాల వారికీ శిల్పారామం సులువుగా అందుబాటులోకి వచ్చింది. కార్యాలయాల నుంచి సాయంత్రం వచ్చే యువతులు, సెలవు రోజుల్లో కుటుంబాలతో వచ్చేవారు ఈ నగలకు ప్రధాన కొనుగోలుదారులు. రోజూ ధరించడానికి బరువు తక్కువగా, పోయినా గుండె గుభేలుమనకుండా ఉండాలన్నది వారి అవసరం. బంగారం తీర్చలేని ఆ అవసరాన్ని మిశ్రలోహాలు తీరుస్తున్నాయి.

కరీంనగర్‌ వెండి తీగ

తీగతో నగ అనగానే తెలంగాణలో మొదట చెప్పుకోవలసినది కరీంనగర్‌ ఫిలిగ్రీ. హైదరాబాద్‌కు సుమారు 160 కిలోమీటర్ల దూరంలోని కరీంనగర్‌కు ఈ పని సమీపంలోని ఎలగందుల నుంచి వచ్చింది. ఎలగందుల కోట చుట్టూ వెలసిన స్వర్ణకారుల కుటుంబాలు, పాలనా కేంద్రం కరీంనగర్‌కు మారడంతో తామూ తరలివచ్చాయి. నిజాముల ఆదరణలో అత్తరుదానులు, పాన్‌దానులు, పన్నీరు చల్లే బుడ్లు, పళ్లాలు ఇక్కడ తయారయ్యాయి. ఒడిశాలోని కటక్‌ ‘తారకసి’ నగలకు పేరుపొందగా, కరీంనగర్‌ పనితనం పాత్రలు, అలంకరణ వస్తువుల్లో ఎక్కువగా వికసించింది. కమ్మలు, బిళ్లలు, బ్రోచీలు ఇటీవలి కాలంలో పెరిగాయి. కరీంనగర్‌ ఫిలిగ్రీకి 2007లో భౌగోళిక గుర్తింపు లభించింది. 2023 సెప్టెంబరులో దిల్లీలో జరిగిన జి-20 శిఖరాగ్ర సదస్సుకు అశోక చక్రం రూపంలో వెండి బ్యాడ్జీలు చేసే అవకాశం కూడా ఈ కళాకారులకే దక్కింది.

పని మొదలయ్యేది కుంపటి వద్ద. వెండిని మూసలో కరిగించి సన్నని కడ్డీగా పోస్తారు. దాన్ని సాగగొట్టి, కమ్మచ్చు గుండా లాగుతారు. కమ్మచ్చు అంటే వరసగా చిన్నవవుతూ పోయే రంధ్రాలున్న ఉక్కు పలక. పెద్ద రంధ్రంతో మొదలుపెట్టి ఒక్కొక్కటిగా చిన్నదానిలోకి మారుస్తూ లాగుతుంటే వెండి వెంట్రుక వంటి తీగగా దిగుతుంది. కొన్నిసార్లు లాగిన తరవాత లోహం బిరుసెక్కుతుంది. అప్పుడు మళ్లీ నిప్పులో కాచి మెత్తబరచాలి, లేదంటే పుటుక్కున తెగుతుంది. స్వచ్ఛత ఎక్కువైన వెండినే వాడటానికి కారణం ఇదే. రాగి ఎక్కువ కలిసిన వెండి అంత సన్నగా సాగదు.

తరవాతి దశలోనే ఈ కళ రహస్యమంతా ఉంది. సన్నని తీగలు రెండింటిని జోడించి తాడులా పేనుతారు. పేనిన తీగను రోలరు మధ్య నొక్కి బల్లపరుపు చేస్తారు. ఆ పేట అంచుపై నిలబడినప్పుడు, మెలికలు చిన్న రవ్వల వరసలా మెరుస్తాయి. ఫిలిగ్రీ మెరుపు రాళ్ల వల్ల వచ్చేది కాదు, ఈ అంచు వల్ల వచ్చేది. కాస్త లావుపాటి తీగతో ముందుగా ఆకు, పువ్వు, నెమలి వంటి చట్రాన్ని వంచుతారు. పేనిన తీగను శ్రావణంతో పట్టి చుట్టలుగా, తీగెలుగా, రేకలుగా వంచి చట్రం లోపల కిక్కిరిసేలా అమరుస్తారు. అమరికలో వదులు ఉండరాదు. ముక్కలు ఒకదాన్నొకటి ఒత్తుకునే నిలుస్తాయి. కదలకుండా ఉండేందుకు గురివింద గింజను అరగదీసిన బంకను వాడటం స్వర్ణకారుల పాత పద్ధతి.

ఇక అతుకు. వెండికి కొంత రాగి, తుత్తునాగం చేర్చి చేసిన టంకాన్ని పొడిగా రాకి, వెలిగారంతో కలిపి చట్రంపై చల్లుతారు. స్వచ్ఛమైన వెండి 962 డిగ్రీల సెల్సియస్‌ వద్ద కరుగుతుంది. టంకం సుమారు 700 డిగ్రీల ప్రాంతంలోనే కరిగి, తీగలు తాకే ప్రతి చోటికీ పాకుతుంది. ఆ రెంటి నడుమ ఉన్న కొద్దిపాటి వ్యవధిలోనే పనివాడు మంటను తీసేయాలి. కొన్ని క్షణాలు ఆలస్యమైతే గంటల పని ముద్దయిపోతుంది. ఉష్ణమాపకం ఉండదు, లోహం రంగు మారడాన్ని కంటితో పసిగట్టడమే. చల్లారిన వస్తువును పలచని ఆమ్లంలో గానీ చింతపండు నీటిలో గానీ కడిగితే మసి వదిలి తెల్లని వెండి బయటపడుతుంది.

బిద్రీ: లోహంలో లోహం

ఫిలిగ్రీలో తీగ గాలిలో నిలుస్తుంది. బిద్రీలో మరో లోహంలోకి దిగుతుంది. హైదరాబాద్‌కు సుమారు 140 కిలోమీటర్ల దూరంలోని బీదర్‌ 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ వరకు హైదరాబాద్‌ రాష్ట్రంలోని జిల్లానే. అందువల్ల బిద్రీ పనివారు హైదరాబాద్‌ పాతబస్తీలోనూ ఉన్నారు. బీదర్‌కు చెందిన షా రషీద్‌ అహ్మద్‌ ఖాద్రీకి 2023లో పద్మశ్రీ పురస్కారం లభించింది.

బిద్రీకి మూలలోహం 16 పాళ్ల తుత్తునాగానికి ఒక పాలు రాగి చేర్చిన మిశ్రమం. తుత్తునాగం 420 డిగ్రీల వద్దే కరుగుతుంది కనుక పోతపోయడం కష్టం కాదు. పోసిన వస్తువును ఆకురాయితో నునుపు చేసి, మైలుతుత్తం ద్రావణం పూస్తే తాత్కాలికంగా నల్లబడుతుంది. ఆ నలుపుపై సూదిమొనతో గీసిన గీత తెల్లగా కనిపిస్తుంది. గీత వెంబడి చిన్న ఉలితో కాలువ తవ్వి, అందులో వెండి తీగను సుత్తితో కొట్టి దిగవేస్తారు. టంకం అక్కరలేదు, బిగువే అతుకు. చివరగా బీదర్‌ కోటలోని పాత మట్టిని నవాసారంతో కలిపి మరిగించిన నీటిలో ముంచితే మిశ్రలోహం శాశ్వతంగా నల్లబడుతుంది. విచిత్రమేమంటే ఆ ద్రావణం వెండిని తాకినా మార్చదు. కారునలుపుపై తెల్లని తీగ తళుక్కుమంటుంది. హుక్కా బుడ్లు, పూలకుండీలకు పరిమితమైన ఈ పని ఇప్పుడు మెడ బిళ్లలు, కమ్మలు, చొక్కా చేతుల బొత్తాలుగానూ వస్తోంది.

మైనపు తీగ ఇత్తడిగా మారిన వేళ

తీగ నగలా కనిపిస్తూ తీగ లేని నగ ఒకటుంది. అదే ఆదిలాబాద్‌ డోక్రా. కుమురం భీం ఆసిఫాబాద్‌ జిల్లా జైనూర్‌ మండలంలోని ఉషేగాం వంటి గ్రామాల్లో ఓజా కుటుంబాలు దీన్ని చేస్తాయి. గోండుల దేవతామూర్తులు, గంటలు, గజ్జెలు, ఆభరణాలు చేసి ఇవ్వడం వారి కులవృత్తి. మట్టితో ముద్ద చేసి, దానిపై తేనెమైనాన్ని దారాలుగా పేని చుడతారు. నగిషీ అంతా ఆ మైనపు దారాలదే. పైన మళ్లీ మట్టి మెత్తి, ఎండబెట్టి, కాలిస్తే మైనం కరిగి పోతుంది. ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడిని పోస్తారు. చల్లారాక మట్టిని పగలగొడితే మైనపు దారం ఇత్తడి తీగగా దర్శనమిస్తుంది. మొహెంజోదారోలో దొరికిన నర్తకి ప్రతిమను పోతపోసినదీ ఈ మైనం పద్ధతిలోనే. అచ్చు పగలక తప్పదు కనుక డోక్రాలో అచ్చంగా ఒకేలా ఉండే రెండు నగలు ఉండవు. 2018లో ఆదిలాబాద్‌ డోక్రాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పాతబస్తీ లాడ్‌బజార్‌ లక్క గాజులకు ఆ గుర్తింపు 2024లో దక్కింది, అయితే అవి లోహపు పనికి కాస్త దూరపు చుట్టాలు.

రాగి తీగతో ఇంట్లోనే

కుంపటి, టంకం లేకుండా కేవలం చుట్టుతో నిలిచే నగలూ ఉన్నాయి. రాగి, ఇత్తడి, వెండి పూత తీగలతో పూసలను, రాళ్లను, ముత్యాలను బిగించే ఈ పద్ధతి ఉద్యోగినులకు, గృహిణులకు ఇష్టమైన వ్యాపకం అవుతోంది. కొంతమంది దీన్నే చిన్న ఆదాయ మార్గంగా మలచుకుంటున్నారు. కావలసిన పనిముట్లు మూడే: గుండ్రని కొనల పట్టకారు, చదునైన కొనల పట్టకారు, తీగ తెంచే కత్తెర. ఒక చిన్న ఆకురాయి ఉంటే మేలు.

ఆరంభంలోనే చాలామంది తడబడేది తీగ మందం వద్ద. మన హార్డ్‌వేరు దుకాణాల్లో ‘నంబరు’ అంటే బ్రిటిష్‌ పద్ధతి గేజి. ఆన్‌లైన్‌లో వచ్చే నగల తీగకు తరచు అమెరికన్‌ గేజి రాస్తారు. అంకె ఒకటే అయినా మందం వేరు. 20 నంబరు తీగ బ్రిటిష్‌ లెక్కలో 0.91 మిల్లీమీటర్లు, అమెరికన్‌ లెక్కలో 0.81. చెవి రంధ్రంలోకి వెళ్లే కొక్కేనికి 0.8 మిల్లీమీటర్ల మందం సరిపోతుంది. అంటే అమెరికన్‌ 20 లేదా బ్రిటిష్‌ 21. పొరపాటున 0.91 తీగ కొన్నవారికి కొక్కెం బిగుతుగా ఉండి చెవి నొచ్చుతుంది. రెండు లెక్కల్లోనూ అంకె పెరిగినకొద్దీ తీగ సన్నబడుతుంది. పూసలు గుచ్చడానికి సుమారు అర మిల్లీమీటరు తీగ, రాయి చుట్టూ చుట్టడానికి అంతకంటే సన్ననిది, కడియం చట్రానికి ఒక మిల్లీమీటరుకు పైబడినది వాడాలి. అంకెను నమ్మడం కంటే మిల్లీమీటర్లు అడిగి కొనడమే క్షేమం.

రాగి తీగ మోటారు రీవైండింగ్‌ దుకాణాల్లో చవకగా దొరుకుతుంది. అయితే దానిపై కంటికి కనిపించని ఇనామెల్‌ పూత ఉంటుంది. చుట్టు నగకు ఆ పూత మంచిదే, మెరుపు నిలుస్తుంది. టంకం పెట్టదలచినా, నల్లబరచదలచినా దాన్ని గరుకు కాగితంతో గీకి తీయాలి. మంటలో కాల్చితే వచ్చే పొగ హానికరం.

వంచినకొద్దీ రాగి బిరుసెక్కుతుంది. ఒకే చోట పదేపదే వంచితే విరుగుతుంది. మందంగా ఎర్రబడేదాకా కాచి నీటిలో వేస్తే తిరిగి మెత్తబడుతుంది. కమ్మరి కొలిమిలో ఎర్రగా కాల్చిన ఉక్కును నీటిలో ముంచితే గట్టిపడటం చూసినవారికి ఇది విడ్డూరంగా తోచవచ్చు. ఉక్కు స్వభావం వేరు, రాగి స్వభావం వేరు. చెవి కొక్కేనికి మాత్రం బిరుసే కావాలి, అందుకే వంచడం పూర్తయ్యాక చిన్న సుత్తితో తేలికగా కొట్టి గట్టిపరుస్తారు.

పూసను వేలాడదీసే ఉంగరం చేయడం తొలి పాఠం. పూసలో తీగ గుచ్చి, పైన రెండున్నర సెంటీమీటర్లు వదలాలి. పూసకు కొంచెం పైగా చదును పట్టకారుతో పట్టి తీగను లంబంగా వంచాలి. గుండ్రని పట్టకారు చుట్టూ తిప్పి ఉంగరం చేయాలి. మిగిలిన కొసను ఉంగరం కింది మెడకు రెండు మూడు చుట్లు ఒత్తుగా చుట్టి, తెంచి, కొనను లోపలికి నొక్కాలి. ఈ కొన సరిగా నొక్కకపోతే చీర కొంగు, చున్నీ దారాలు చిక్కుకుంటాయి. విడి ఉంగరాలు కావాలంటే అల్లిక సూదికి తీగను స్ప్రింగులా చుట్టి, నిలువుగా కత్తిరించాలి. వాటిని తెరిచేటప్పుడు రెండు కొసలను పక్కలకు లాగరాదు. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు తిప్పి తెరవాలి, అలాగే మూయాలి. లేకపోతే గుండ్రదనం మళ్లీ రాదు.

పాతబడినట్లు నల్లని ఛాయ ఇవ్వడాన్ని అంగళ్లలో ఆక్సిడైజ్డ్‌ అంటారు. పేరు ఆక్సిజన్‌ది, పని గంధకానిది. ఇంట్లో చేయదలచినవారికి ఉడికించిన కోడిగుడ్డు చాలు. వేడి పచ్చసొనను చిదిమి, నగతోపాటు మూత ఉన్న డబ్బాలో కొన్ని గంటలు ఉంచితే అందులోని గంధకం రాగిని, వెండిని నల్లబరుస్తుంది. పైభాగాన్ని మెత్తని గుడ్డతో రుద్దితే మెలికల లోపల నలుపు నిలిచి పైన మెరుపు తేలుతుంది. ఇత్తడిపై ఈ ప్రయోగం అంతగా ఫలించదు.

అచ్చుదా, చేతిదా?

నగను తిప్పి చూడటం మొదటి పరీక్ష. అచ్చులో పోసిన చవక నగకు వెనకభాగం చదునుగా, నున్నగా ఉంటుంది. చేతితో అమర్చిన తీగ నగలో వెనక కూడా ముందులాగే మెలికలు కనిపిస్తాయి. రెండోది, తీగలు కలిసే చోటు. అచ్చులో అవి కరిగి ఒకే ముక్కలా ఉంటాయి, నడుమ సందు ఉండదు. చేతిపనిలో ఒక తీగ ఎక్కడ ముగిసిందో, మరొకటి ఎక్కడ మొదలైందో కంటికి తెలుస్తుంది. భూతద్దం ఉంటే పేనిన తీగ అంచులోని సన్నని మరలూ కనిపిస్తాయి. మూడోది, జతను పక్కపక్కన పెట్టి చూడటం. రెండు కమ్మల్లో ఒకే చోట ఒకే లోపం ఉంటే అవి ఒకే అచ్చు బిడ్డలు. చేతితో చేసిన జతలో చిన్న తేడాలు తప్పవు. కొందరు కొనుగోలుదారులు ఆ తేడానే లోపంగా చూపి ధర తగ్గించమనడం చేతిపని వారికి కొరుకుడుపడని విషయం.

ఈ పరీక్షలు డోక్రాకు వర్తించవు, అది పోతపనే. యంత్రంతో మెలిపెట్టిన తీగను చేతితో అమర్చే నగలూ ఉన్నాయి. వాటిని మోసమనలేం, కానీ ధర ఆ మేరకు తగ్గాలి.

లోహం పేర్లలోనూ మెలకువ అవసరం. జర్మన్‌ సిల్వర్‌లో వెండి రవ్వంతైనా ఉండదు. రాగి, తుత్తునాగం, నికెల్‌ల మిశ్రమం అది. ‘వైట్‌ మెటల్‌’ అన్నది ఒక లోహం పేరే కాదు, తెల్లగా కనిపించే అనేక చవక మిశ్రమాలకు అంగడి పేరు. ‘ఆక్సిడైజ్డ్‌ సిల్వర్‌’ అని రాసిన చోట వెండి ఉండవచ్చు, లేకపోవచ్చు. వెండి పూత తీగను అంచు వద్ద చూస్తే రాగి ఎర్రదనం బయటపడుతుంది. అయస్కాంతానికి అంటుకుంటే లోపల ఇనుము ఉన్నట్లే.

భౌగోళిక గుర్తింపు ఉన్నంత మాత్రాన వెండి స్వచ్ఛతకు హామీ లేదు. అది ఊరికీ, పద్ధతికీ ఇచ్చే గుర్తింపు. స్వచ్ఛతకు హాల్‌మార్కు వేరు. భారతీయ ప్రమాణాల సంస్థ 2025 సెప్టెంబరు 1 నుంచి వెండి నగలకు ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ సంఖ్యతో కూడిన హాల్‌మార్కును ఐచ్ఛిక పద్ధతిలో ప్రవేశపెట్టింది. ఆ సంఖ్యను బీఐఎస్‌ కేర్‌ యాప్‌లో సరిచూసుకోవచ్చు. 925 అని చెక్కి ఉంటే వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి అని అర్థం. కేవలం అంకె చెక్కడం ఎవరికైనా సాధ్యమే కనుక, సంఖ్యను సరిచూడకుండా నమ్మరాదు.

వెండి ధర, చేతి కూలీ

2024లో కిలో లక్ష రూపాయలు దాటిన వెండి 2025 ముగిసేలోగా రెండు లక్షలు దాటింది. పది గ్రాముల ఫిలిగ్రీ బిళ్లలో లోహం విలువ వెయ్యి రూపాయల నుంచి రెండు వేలకు చేరిందన్నమాట. బిళ్ల చేయడానికి పట్టే సమయం మారలేదు, కళ్ల శ్రమ మారలేదు. కానీ కొనేవారికి కనిపించేది పెరిగిన మొత్తమే. బేరం మొదలైతే వెండి ధర తగ్గదు, అది బజారులో నిర్ణయమైపోయింది. తగ్గగలిగేది మజూరీ ఒక్కటే. పైగా లోహాన్ని ముందుగా కొని పెట్టుకోవాలి. సొంత పెట్టుబడి లేని పనివాడు వ్యాపారి ఇచ్చిన వెండితో, వ్యాపారి చెప్పిన కూలీకి చేయక తప్పదు. రాకినప్పుడు, కత్తిరించినప్పుడు రాలే తరుగు లెక్క కూడా అతనిపైనే పడుతుంది.

రాగి తీగ ధర వెండిలో వందో వంతు కూడా లేదు. అందువల్ల కొత్తగా నేర్చుకునేవారు రాగి, ఇత్తడి తీగలతో మొదలుపెట్టడంలో ఆశ్చర్యం లేదు. రాగితో ఫిలిగ్రీ అసాధ్యమూ కాదు. కాకపోతే మంటలో రాగి త్వరగా నల్లబడుతుంది, వెలిగారం ఎక్కువ కావాలి, అతుకు వెండిలో వలె సాఫీగా పాకదు. రాగి నగలో ధర దాదాపు అంతా చేతిదే. వెయ్యి రూపాయల రాగి బిళ్లను చూసి ‘రాగికి ఇంతా’ అని అడిగేవారికి, అదే వెయ్యి రూపాయలు వెండి బిళ్లలో లోహానికే చాలవన్న లెక్క తట్టదు.

చేతిపని వారికి నేరుగా సొమ్ము చేరే మార్గాలు కొన్ని ఉన్నాయి. శిల్పారామంలో జరిగే హస్తకళల మేళాలకు కళాకారులే స్వయంగా వచ్చి అమ్ముతారు. ఆ రోజుల్లో అంగడిలో కూర్చున్నవారి ముందు పట్టకారు, తీగ చుట్ట ఉన్నాయా అని చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. తెలంగాణ హస్తకళల అభివృద్ధి సంస్థ ‘గోల్కొండ’ పేరిట నడిపే విక్రయశాలల్లో ఫిలిగ్రీ, డోక్రా, బిద్రీ దొరుకుతాయి. కరీంనగర్‌లో ఫిలిగ్రీ కళాకారుల సంక్షేమ సంఘం సిఫ్కా ద్వారా ఆర్డర్లు ఇచ్చి చేయించుకునే వీలుంది.

చర్మానికి, ఊపిరితిత్తులకు

చవక నగ ధరించిన చోట దురద, ఎర్రని దద్దుర్లు వస్తే సాధారణంగా కారణం నికెల్‌. ఒకసారి పడనివారికి జీవితాంతం పడదు. యూరోపు దేశాలలో చర్మాన్ని తాకే నగ నుంచి వారానికి చదరపు సెంటీమీటరుకు 0.5 మైక్రోగ్రాములకు మించి నికెల్‌ వెలువడరాదని, చెవి రంధ్రంలో ఉండే భాగానికి 0.2 మించరాదని పరిమితి ఉంది. పడనివారు కమ్మ ఏ లోహానిదైనా కొక్కెం మాత్రం వెండిదో బంగారానిదో వేయించుకోవడం చవకైన ఉపాయం. రాగి నగ తాకిన చోట చర్మం పచ్చబడటం వేరు విషయం. చెమటతో కలిసి ఏర్పడే రాగి లవణాలవి, సబ్బుతో కడిగితే పోతాయి.

చిన్నపిల్లలకు గుర్తు తెలియని మిశ్రలోహ నగలు పెట్టరాదు. వారు నోట్లో పెట్టుకుంటారు, చవక పోతలలో సీసం, కాడ్మియం ఉండే అవకాశం ఉంది. కాడ్మియం బెడద ధరించేవారికంటే చేసేవారికే ఎక్కువ. ఒకప్పుడు బంగారు నగలకు విరివిగా వాడిన కేడీఎం అతుకులో ఉన్నది ఇదే లోహం. వేడికి లేచే దాని పొగ ఊపిరితిత్తులను, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఇత్తడి కరిగించేటప్పుడు లేచే తుత్తునాగపు పొగ సైతం చలిజ్వరం తెప్పిస్తుంది. గాలి ఆడని గదిలో, వంటింటి పొయ్యిపై టంకం పని చేయడం ఎంతమాత్రం తగదు.

శుభ్రపరచడంలో అన్ని లోహాలకూ ఒకే మందు లేదు. రాగి, ఇత్తడి నగలను చింతపండు గుజ్జుతో రుద్ది, వెంటనే కడిగి తుడిస్తే మెరుస్తాయి. ముత్యాలు గుచ్చిన నగకు ఆ పని చేయరాదు, పులుపు ముత్యాన్ని తినేస్తుంది. బిద్రీని, నల్లబరచిన నగలను తోమితే అందమే పోతుంది, పొడి గుడ్డ చాలు. ఫిలిగ్రీని గట్టి బ్రష్షుతో తోమితే మెలికలు నలుగుతాయి. గోరువెచ్చని సబ్బు నీటిలో ముంచి, మెత్తని బ్రష్షుతో తాకీతాకనట్లు రుద్ది, గుడ్డపై ఆరబెట్టాలి. అన్నీ ఒకే డబ్బాలో పడేయడం కంటే ఒక్కొక్కటీ గాలి చొరని చిన్న సంచిలో ఉంచితే నలుపు ఆలస్యంగా పడుతుంది.

చుట్టు నగ విడిపోతే పాత తీగను తిరిగి వంచే ప్రయత్నం చేయకుండా కొత్త తీగ వేయించాలి. ఫిలిగ్రీలో ఒక చుట్ట ఊడితే సాధారణ టంకం, జిగురు పెట్టించరాదు. తక్కువ వేడికి కరిగే సీసపు టంకం ఒకసారి అంటితే, తరవాత వెండి టంకానికి కాచినప్పుడు ఆ సీసం వెండిని తొలిచేస్తుంది. ఊడిన ముక్కను పారేయకుండా కాగితంలో చుట్టి, ఫిలిగ్రీ పని తెలిసినవారి వద్దకే తీసుకెళ్లాలి.